పదికి సున్నా తెప్పించిన బాతు

చప్పుళ్లాయనకి యాభై నాలుగేళ్లు. ఈ భూమ్మీద ఆయన చెయ్యలేని చప్పుడు ఒక్కటే ఉందట, అది నిశ్శబ్దం. ఈ మాట అన్నది ఆయన భార్య. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి మాటని కాదనడానికి మనమెవరం?

చిన్నప్పుడు నాలుగో తరగతిలోనే లెక్కల మాస్టారి దగ్గుని అచ్చు గుద్దినట్టు దగ్గేవాడు. ఆ దగ్గు వినపడితే చాలు, పక్క తరగతి పిల్లలు కూడా పుస్తకాలు తెరిచి బుద్ధిగా కూర్చునేవాళ్లు. ఒకరోజు మాస్టారు నిజంగానే వెనక వచ్చి నిలబడ్డ సంగతి చూసుకోకుండా దగ్గాడు. మాస్టారూ దగ్గారు. రెండు దగ్గులకీ వెంట్రుకవాసి తేడా లేదు కానీ బెత్తం మాత్రం ఒకరి చేతిలోనే ఉంది. ఆ రోజు నుంచి ఆ కుర్రాడికీ లెక్కలకీ ఉప్పూ నిప్పూ అయిపోయింది. పదో తరగతి లెక్కల పరీక్షని మూడుసార్లు రాశాడు. నాలుగోసారి రాస్తానంటే వాళ్ల నాన్నే వద్దురా నాయనా అని దండం పెట్టాడు.

తర్వాత నాటకాల వాళ్లతో కలిసి ఊరూరా తిరిగాడు. తెర వెనక రేకు ఊపితే ఉరుము, జల్లెడలో గింజలు పోసి తిప్పితే వాన, నోరు తెరిస్తే కుక్క, పిల్లి, కోడి, పక్కింటి గయ్యాళి. అన్ని చప్పుళ్లూ చిన్న డబ్బాలో పట్టేసే యంత్రం వచ్చాక నాటకాల వాళ్లు ఆయన్ని చల్లగా సాగనంపారు. ఆపైన పదకొండేళ్లు గొడుగుల దుకాణంలో గుమాస్తాగా చేశాడు. అక్కడా ఊరుకున్నాడా? ఎవరైనా గొడుగు చూసి వద్దులే అని తిరిగి పెట్టేస్తుంటే, బల్ల కింద తలపెట్టి ఎక్కడో దూరంగా ఉరిమినట్టు ఉరిమేవాడు. గొడుగులు బాగానే అమ్ముడుపోయేవి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకాయన ఆకాశంకేసి చూసి, వెనక్కి వచ్చి, బల్ల కిందికి వంగి చూసేదాకా ఆ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది.

అలా జీవితమంతా ‘నోర్ముయ్’ అనిపించుకుంటూ వచ్చిన మనిషికి, యాభై మూడో ఏట పేపర్లో ఒక ప్రకటన కనపడింది. చిన్నపిల్లల కంప్యూటర్ ఆటలకి చప్పుళ్లు చేసేవాళ్లు కావాలట. ఆయన ఆ ముక్కని కత్తిరించి జేబులో పెట్టుకుని, మూడు రోజులు తీసి చూసుకుంటూ, నాలుగో రోజు వెళ్లాడు.

ఆ ఆఫీసు ఒక లాండ్రీ కొట్టు పైన ఉంది. మూడు గదులు, ఒక వంటగది, ఒక స్నానాల గది. కింద రెండు నిమిషాలకోసారి ఇస్త్రీ యంత్రం ‘ఉస్స్’మని ఆవిరి వదులుతుంది. ఓనరు ఒకప్పుడు కాలేజీలో లెక్కల లెక్చరర్. అందరూ మేడమ్ అంటారు. నాలుగేళ్ల పిల్లలకి ఆటలతో లెక్కపెట్టడం నేర్పాలని ఉద్యోగం మానేసి ఈ కంపెనీ పెట్టిందావిడ. మనిషి మంచిదే కానీ ‘కూర్చోండి’ అన్నా కూడా పరీక్ష హాల్లో అన్నట్టే ఉంటుంది.

“కప్ప చెయ్యండి” అంది మేడమ్.

చేశాడు.

“నీళ్లలోకి దూకే కప్ప.”

అదీ చేశాడు.

“దూకుదామనుకుని, నీళ్లు చల్లగా ఉన్నాయని మానేసిన కప్ప.”

ఆయన క్షణం ఆలోచించి, బెకబెకమని మొదలుపెట్టి, మధ్యలో ముడుచుకుని, చివర్న నిట్టూర్చాడు. మేడమ్ అప్పటికప్పుడే ఉద్యోగం ఇచ్చేసింది.

స్నానాల గదే ఆయన స్టూడియో. నాలుగు గోడలకీ బొంతలు దిగ్గొట్టారు. కుర్చీ పట్టదు కాబట్టి బోర్లించిన బకెట్టు మీద కూర్చోవాలి. తలుపు బయట ఒక కాగితం అంటించారు: ‘లోపల చప్పుడు చేస్తున్నారు. బయట చప్పుడు చెయ్యకండి.’ ఆ కాగితం చదివినప్పుడల్లా ఆయనకి కళ్లు చెమ్మగిల్లేవి. పుట్టిబుద్ధెరిగాక తన చప్పుడు కోసం పక్కవాళ్లని నోరుమూసుకోమన్నది అదే మొదటిసారి మరి!

ఏడాది తిరిగేసరికి కంపెనీ ఒక పెద్ద ఆట తలపెట్టింది. తెర మీద చెరువు, చెరువులో చేపలు. చెరువు మీద ఒక పలక, పలక మీద ఎర్ర నిక్కరు వేసుకున్న బాతు. చేపలెన్నో లెక్కపెట్టి, కింద ఉన్న నాలుగు అంకెల్లో సరైనది నొక్కాలి. సరిగ్గా నొక్కితే బంగారు నక్షత్రం వస్తుంది. తప్పు నొక్కితే పలక ఒరిగి బాతు ఒడ్డున ఉన్న బురదలో పడుతుంది. ఇలా పది ప్రశ్నలు.

“తప్పు చేస్తే పిల్లలు ఏడవకూడదు” అని మేడమ్ గట్టిగా చెప్పింది. “భయపడకూడదు, సిగ్గుపడకూడదు. కాస్త నవ్వొచ్చేలా ఉండాలి. తెలిసిందా?”

తెలియడమేమిటి, చప్పుళ్లాయన చంకలు గుద్దుకుంటూ స్నానాల గదిలో దూరాడు. మూడు వారాలు బయటి లోకం మరిచిపోయాడు. తడి గోనెసంచిని తొట్టెలో పిసికిన మట్టి మీద విసిరికొట్టాడు. రబ్బరు వేణ్ణీళ్ల సంచిని చంకలో పెట్టి నొక్కాడు. మొదటి బాతు మరీ భయంగా ఉందని మేడమ్ వద్దంది. రెండోది మరీ దిగులుగా ఉందంది, పాపం ఆవిడే కళ్లొత్తుకుంది. మూడో బాతు మాత్రం ‘క్వాఁ?’ అని అనుమానంగా అడిగి, ‘క్వా క్వా క్వా’ అని జారి, ‘బ్లోచ్’మని పడి, ‘బుడబుడబుడ పుర్ర్ర్ర్’ అని బురదలో దొర్లి, ఆఖర్న లేచి నిలబడి, “అయ్యో! నా కొత్త నిక్కరు!” అంది. అది విని ప్రోగ్రామర్ అమ్మాయి నోట్లో ఉన్న టీ కీబోర్డు మీద ఊసేసింది. కీబోర్డు పోయింది, బాతు మిగిలింది.

ఇక సరైన జవాబుకి గొంతు ఎవరిదంటే, మేడమ్‌దే. “శభాష్. సరైన జవాబు. ఇలాగే శ్రద్ధగా చదువుకో.” ఆ గొంతు వింటే ఏదో రైలు గంటన్నర ఆలస్యంగా వస్తోందేమో అనిపించేది. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ప్రోగ్రామర్ అమ్మాయి చప్పుళ్లాయన వైపు చూసింది, చప్పుళ్లాయన బకెట్టు వైపు చూశాడు.

ఆటని ఒక పిల్లల బడికి పంపారు. ఆ బడికి పెద్ద టీచర్ ఒకావిడ ఉంది. ఆవిడ చేతి కింద అలాంటి బడులు ఇంకో పద్నాలుగున్నాయి. ఆవిడ సరే అంటే అన్ని బడులకీ ఆట వెళుతుంది, కాదంటే మళ్లీ మొదటికే. పద్దెనిమిది మంది పిల్లలు వారం రోజులు ఆడారు. వాళ్ల మార్కులు సోమవారం పొద్దున ఆఫీసు కంప్యూటర్లోకి వచ్చాయి, అటు బడికీ వెళ్లాయి.

ప్రోగ్రామర్ అమ్మాయి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసింది.

“మేడమ్, పదిహేడు మందికి పదికి సున్నా.”

“ఇంకొకరికి?”

“మూడు.”

రెండు రోజులు ప్రోగ్రాంని తిరగేసి బోర్లేసి వెతికారు. తప్పెక్కడా లేదు. బుధవారం పెద్ద టీచర్ నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్ అందరికీ వినపడేలా పెట్టింది.

“మీ ఆట ఆడకముందు మా పిల్లలు వేళ్లు సుబ్బరంగా లెక్కపెట్టేవాళ్లండీ! ఇప్పుడు మూడు చేపల్ని చూపిస్తే తొమ్మిదంటున్నారు. అని, నేల మీద పడి దొర్లుతున్నారు. నిన్న ఒకడు ఇంట్లో వాళ్ల నాన్న చెప్పులు ఎనిమిదని చెప్పి, మంచం మీంచి దబ్బున పడి, నా కొత్త నిక్కరు అన్నాడట. ఆ నాన్న వచ్చి నా మీద పడ్డాడు! పదిహేడు సున్నాలా? ఇంక నయం, మా మనవరాలు ఒక్కతే మూడు తెచ్చుకుని బడి పరువు నిలబెట్టింది. ముందు ఆ బాతుని తీసెయ్యండి. శుక్రవారంలోగా తియ్యకపోతే మీ ఆటా వద్దు, మీరూ వద్దు.”

ఫోన్ పెట్టేశాక కింద ఇస్త్రీ యంత్రం ‘ఉస్స్’మంది.

“తీసేద్దాం” అంది మేడమ్ చివరికి. “తప్పు నొక్కితే ‘టింగ్’ అంటే చాలు.” తర్వాత చప్పుళ్లాయన మొహంలోకి చూడకుండా టేబుల్ మీద కాగితాలు సర్దుతూ అంది, “టింగులూ టంగులూ అయితే బయట రెడీగా దొరుకుతాయి. ప్రత్యేకంగా ఒక మనిషి... మీకు అర్థమైందనుకుంటాను. తప్పు మీది కాదు. అడిగింది నేనే.”

అర్థం కాకపోవడానికేముంది? బాతు పోతే బకెట్టూ పోతుంది, తలుపు మీద కాగితమూ పోతుంది. గొడుగుల దుకాణం మాత్రం ఎక్కడికీ పోలేదు, అదే వీధిలో అలాగే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. తలుపు కిర్రుమనలేదు, అంటే ఆయన అనలేదు. కుక్కరు కూతకి కూత కలపలేదు. భార్య బట్టలు కుడుతుంది, ముందు గదిలో కుట్టుమిషను ఆవిడదే. మిషను ఆపి పావుగంట చెవి రిక్కించి వింది. ఏమీ వినపడలేదు. కంగారుగా వచ్చి నుదురు మీద చెయ్యి వేసింది.

“ఏమండీ, ఒంట్లో బాలేదా?”

“బాతుని తీసేస్తారట.”

“అదేం చేసింది?”

“పిల్లల్ని మొద్దుల్ని చేసిందట.”

“మొద్దుల్నా? మూడు వారాలు ఆ బాతుని పొద్దస్తమానం నా చెవిలో పోశారు. నాకేం లెక్కలు మరుపు రాలేదే! నిన్న కూడా ఎనిమిది గుండీలు తక్కువిచ్చాడని కొట్టువాడితో పోట్లాడి తెచ్చుకున్నాను.” ఆవిడ నోట్లో పెట్టుకున్న గుండుసూది తీసి, రవికె అంచుకి గుచ్చుకుంది. “అది సరే, ఆ పిల్లలు ఆడుతుంటే మీరు చూశారా?”

“లేదు.”

“మీ మేడమ్ చూసిందా?”

“మార్కులు చూసింది.”

“బాగుంది సంబడం! కుట్టిన బట్ట మనిషి ఒంటి మీద చూడకుండా, కొలతల కాగితం చూసి సరిపోయిందో లేదో చెప్పేస్తారా? రేపు వెళ్లి చూసి రండి. పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది, చూసి పోగొట్టుకుంటే కనీసం కడుపు నిండుతుంది.”

ఆ మాట ఆయనకి నచ్చింది. వెళ్లి ముఖం కడుక్కుని, మొదటి పని కింద కుక్కరుకి బదులు చెప్పాడు. ఆవిడ హమ్మయ్య అనుకుని మళ్లీ మిషను తొక్కింది.

మర్నాడు గురువారం. మేడమ్‌తో ఒక్కసారి చూసొస్తామని చెప్పి, ప్రోగ్రామర్ అమ్మాయిని వెంటబెట్టుకుని బడికి వెళ్లాడు. గదిలో పసుపు రంగు బల్లలు, ఆరు కంప్యూటర్లు, గోడలకి మోకాలెత్తులో వేలిముద్రలు. ఒక బుల్లి కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కూర్చున్నాడు. మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. లేవబోతే కుర్చీ కూడా వెనకే లేచింది. సరే, ఇక లేవకూడదని నిర్ణయించుకున్నాడు.

ముందున్న కంప్యూటర్ దగ్గర ముక్కు కారుతున్న బుడ్డోడొకడు, వాడి పక్కన ఊడిన పన్ను చేతిలో పట్టుకుని ఒక పిల్ల. తెర మీద చేపలు వచ్చాయి. బుడ్డోడు ఒక్కో చేప మీదా వేలు పెట్టి, నాలుక బయటపెట్టి లెక్కపెట్టాడు. “ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు.” ఒక్కటి కూడా పొల్లు పోలేదు. కింద అంకెలు నాలుగున్నాయి: ఏడు, తొమ్మిది, నాలుగు, రెండు. వేలు ఏడు వైపు వెళ్లింది.

“ఏడు వద్దు!” అని పళ్లూడిన పిల్ల కేక పెట్టింది. “ఏడు నొక్కితే ఆంటీ వస్తుంది!”

వేడి పెనం తగిలినట్టు బుడ్డోడు వేలు వెనక్కి లాక్కున్నాడు.

“నాలుగు నొక్కనా?”

“నాలుగు దగ్గరే కదా. రెండు నొక్కు. రెండు చాలా దూరం. బాతు ఎక్కువ దొర్లుతుంది.”

రెండు నొక్కాడు. ‘క్వాఁ?’ అంది బాతు. గదిలో ఉన్న పిల్లలందరూ చేతిలో పని వదిలేసి ఊపిరి బిగబట్టారు. ‘బ్లోచ్!’ ఇక చూడాలి ఆ నవ్వులు! బుడ్డోడు నేల మీద పడి, పళ్లూడిన పిల్ల వాడి మీద పడి, పద్దెనిమిది మందిలో సగం మంది బురద లేకుండానే బురదలో దొర్లి, అందరూ ఒక్క గొంతుతో, “అయ్యో! నా కొత్త నిక్కరు!” అన్నారు.

చప్పుళ్లాయన నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. నాటకాల రోజుల్లో ఎన్ని ఊళ్లు తిరిగినా, ఆయన చప్పుడుకి జనం ఇలా పడి దొర్లింది లేదు. ఆ తర్వాత మెల్లగా సంగతి తలకెక్కింది.

“అమ్మాయ్, రెండైతే ఎక్కువ దొర్లడమేంటి?”

ప్రోగ్రామర్ అమ్మాయి మొహం కందగడ్డ అయింది. “నేనే పెట్టానంకుల్. జవాబుకి ఎంత దూరంగా నొక్కితే బాతు అంతసేపు దొర్లుతుంది. ఊరికే సరదాకి... ఎవరికీ చెప్పలేదు.”

“ఎవరికీ చెప్పకపోతే వీళ్లకెలా తెలిసింది?”

ఆ అమ్మాయి వేళ్ల మీద ఏదో లెక్కవేసుకుని, “అంకుల్, వీళ్లు తీసివేతలు చేస్తున్నారు!” అంది.

అప్పుడు చివరి కంప్యూటర్ దగ్గర ఒంటరిగా కూర్చున్న పిల్ల ఆయన కంటపడింది. రెండు జడలు, జడలకి రెండు రంగుల రిబ్బన్లు. ఆ పిల్ల చేపల్ని లెక్కపెట్టడం లేదు. పక్కవాళ్లని ఒకసారి చూసి, కళ్లు గట్టిగా మూసుకుని, ఏదో ఒకటి నొక్కింది. బాతు పడింది. హమ్మయ్య అనుకుంది. మళ్లీ కళ్లు మూసుకుని నొక్కింది. “శభాష్. సరైన జవాబు” అంది మేడమ్ గొంతు, గదంతా వినపడేలా. ఆ పిల్ల రెండు చేతులతోనూ తెరని మూసేసింది. “అయ్యో పాపం, దానికి మళ్లీ ఆంటీ వచ్చింది” అన్నారు మిగతావాళ్లు.

కళ్లు మూసుకుని నొక్కే ఆ తీరు ఆయనకి బాగా తెలుసు. పరీక్ష హాల్లో మూడుసార్లు అలాగే కూర్చున్నాడు మరి. ఆ పిల్ల ఎవరో అడగక్కర్లేకపోయింది, మూడు మార్కులు తెచ్చుకున్న మనవరాలే.

అంతలో పెద్ద టీచర్ వచ్చింది, ఆవిడ వెనకే మేడమ్. బాతుని తీసేస్తున్నామని స్వయంగా చెబుదామని వచ్చిందట. చప్పుళ్లాయన కుర్చీతో సహా లేచి నిలబడ్డాడు.

“తీసెయ్యకండి! ఈ పిల్లలకి అన్నీ వచ్చు!”

“పదికి సున్నా తెచ్చుకున్నవాళ్లకా?” అంది పెద్ద టీచర్.

“అందుకే వచ్చంటున్నానండీ. లెక్కలు రాకపోవడం గురించి నన్నడగండి, నేను పదో తరగతిలో మూడుసార్లు తప్పినవాణ్ణి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టమంటే కళ్లు మూసుకుని పెట్టేవాణ్ణి. అయినా ఎప్పుడూ సున్నా రాలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పెట్టినా పదింట్లో రెండో మూడో తగిలి తీరతాయి. పదికి పదీ తప్పు పెట్టాలంటే మాత్రం పదీ తెలిసుండాలండీ! సున్నా తెచ్చుకోవడం నా వల్ల కాని పని.”

మేడమ్ ఒక్కసారిగా గోడకి చేరగిలబడింది. లెక్కల లెక్చరర్‌గా ఇరవై రెండేళ్లు చేసిన మనిషి పప్పులో కాలేసింది, లెక్కల్లో తప్పినవాడు పట్టుకున్నాడు. ఆవిడ పెదాలు చప్పుడు లేకుండా ఏవో భిన్నాలు చెప్పుకుంటున్నాయి.

పెద్ద టీచర్ అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. ఎనిమిది రంగు పెన్సిళ్లు తీసి ముక్కు కారే బుడ్డోడి ముందు పెట్టింది.

“ఇవెన్ని?”

బుడ్డోడు పెన్సిళ్లని చూశాడు, ఆవిడని చూశాడు. “నిజంగానా, బాతుకా?”

“నిజంగానే.”

“ఎనిమిది.”

“మరి బాతుకైతే?”

“ఒకటి” అని వాడు అప్పుడే దొర్లడానికి చోటు చూసుకున్నాడు.

ఇంకో నలుగురిని అడిగింది. నలుగురూ చెప్పారు. పెద్ద టీచర్ మొహం పొంగిన పాలలా వెలిగిపోయింది. “అయితే మా పిల్లలు మెరికలన్నమాట! ఇంక తియ్యాల్సింది బాతుని కాదు, ఆ ఆంటీని. ఎవరండీ ఆవిడ, వినలేక చస్తున్నాం?”

“నేనే” అంది మేడమ్.

ప్రోగ్రామర్ అమ్మాయి ఏదో పడిపోయినట్టు బల్ల కింద దూరింది. పెద్ద టీచర్ రెండుసార్లు దగ్గి, మాట మార్చబోయి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

“ఉండండి. మరి మా మనవరాలు? దానికి మూడొచ్చాయి కదా. అందరికన్నా అదే ఎక్కువ.”

చప్పుళ్లాయన ఇరకాటంలో పడ్డాడు. నిజం చెబితే ఈవిడ మనసు విరుగుతుంది, ఆవిడ కోపం వచ్చి బాతు మీద పడుతుంది. పరువు గల మనిషి, పదిహేను బడుల పెద్ద. ఇంత దూరం వచ్చి ఒడ్డున పడవ ముంచుకోవడం ఎందుకు?

“ఆ పాపది జాలి గుండె అండీ” అన్నాడు. “బాతు పడితే చూడలేదు. అందుకే మధ్యమధ్యలో కాపాడుతోంది.”

“మా ఇంటి ఆడపిల్లలంతా అంతేనండీ!” పెద్ద టీచర్ మురిసిపోయింది. “బాతు ఉంటుంది. మీరూ ఉంటారు. అన్ని బడులకీ పంపండి.”

అయిపోయింది, గెలిచాడు. బకెట్టు దక్కింది. ప్రోగ్రామర్ అమ్మాయి బల్ల కింద నుంచే చప్పట్లు కొట్టింది. అప్పుడు ఎవరో ఆయన ప్యాంటు పట్టుకుని లాగారు. కిందికి చూస్తే రెండు జడల పిల్ల. వంగమని సైగ చేసి, ఆయన చెవిలో నోరు పెట్టింది.

“తాతా, నాకూ బాతు పడాలి. ఏది నొక్కకూడదో నాకు తెలీట్లేదు.”

ఆ మాట ఇంకెవరికీ వినపడలేదు. వినపడనట్టు ఊరుకుంటే ఆయనకి పోయేదేమీ లేదు. ఆయనకి నిజంగానే ఊరుకోవాలనిపించింది. కానీ తనకి ఇలా ఎవరి చెవిలోనైనా చెప్పుకునే ధైర్యం ఏనాడూ లేకపోయిందని గుర్తొచ్చింది. నిటారుగా నిలబడ్డాడు.

“అమ్మా, ఇందాక నేను అబద్ధం ఆడాను. పాపకి జాలీ గీలీ కాదు. లెక్కపెట్టడం రాదు. కళ్లు మూసుకుని నొక్కుతోంది.”

పెద్ద టీచర్ మొహంలో రంగు దిగిపోయింది. మేడమ్ కళ్లు మూసుకుంది. బాతు పనైపోయిందని ప్రోగ్రామర్ అమ్మాయి కూడా అనుకుంది.

“నిజమేనా?” అంది పెద్ద టీచర్ మనవరాలితో. “నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు అందరికీ చెప్పేశావు కదా అమ్మమ్మా, నాకు వచ్చని.”

పదిహేను బడుల పిల్లలకి లెక్కలు వచ్చాయా లేదా అని చూసే మనిషి, తన ఒళ్లో పెరిగే పిల్లని ఒక్కనాడూ కూర్చోబెట్టి అడగలేదు. పట్టుచీర నలుగుతుందని కూడా చూడకుండా మనవరాలి పక్కన నేల మీద చతికిలబడి, పెన్సిళ్లు తీసుకుంది.

“రావే తల్లీ, వేలు పెట్టు. ఇది ఒకటి.”

“ఒకటి.”

మేడమ్ ఒక అడుగు ముందుకు వేసింది. “రేపటి నుంచి బాతు సరైన జవాబుకే పడుతుందండీ, మార్చేస్తాం. కావాలంటే ఇప్పుడే...”

“రేపు చూసుకోండి” అంది పెద్ద టీచర్ తలెత్తకుండా. “ఇవాళ దాన్ని కదపకండి.”

మధ్యాహ్నం దాకా అదే పని. నాలుగు దాటితే పిల్ల తడబడింది, ఐదుని రెండుసార్లు చెప్పింది, ఆరుని మింగేసింది. తడబడినప్పుడల్లా చప్పుళ్లాయన పెన్సిలు చేత పట్టుకుని ‘క్వాఁ?’ అని అనుమానంగా అడిగేవాడు. పిల్ల కిలకిలా నవ్వి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. ఆఖరికి కంప్యూటర్ ముందు కూర్చుంది. మిగతా పిల్లలు చుట్టూ మూగారు. ఐదు చేపలు. ఒక్కోదాని మీదా వేలు పెట్టింది, కళ్లు తెరిచే ఉంచింది.

“ఐదు” అంది. “అయితే ఐదు నొక్కకూడదు.”

తొమ్మిది నొక్కింది. బాతు పడింది. గదంతా దొర్లింది. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న, ఎనిమిదో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది, అమ్మమ్మ ఊపిరి ఆపింది, అదీ తప్పే. తొమ్మిదీ తప్పే. పదీ తప్పే! తెర మీద ఇంత లావు సున్నా వచ్చింది.

పెద్ద టీచర్ లేచి, కళ్లు తుడుచుకుంటూ, కూతురికి ఫోన్ చేసింది.

“అమ్మాయ్, నీ కూతురికి సున్నా వచ్చిందే! పదికి సున్నా! ఒక్కటంటే ఒక్కటి కూడా రైటు కాలేదు! లేదే, తిట్టకు, దాన్నేమీ అనకు! ఇంటికొచ్చాక నువ్వు కూడా దాని పక్కన కూర్చుని చూద్దువు గాని.”